బుర్హానుద్దీన్ సార్ సంతకం

కువైట్ యుద్ధం ముగిసిన ఆరు నెలలకు సుధాకరరావు దోహాలో కొత్త ఉద్యోగంలో చేరాడు. భార్య సుబ్బలక్ష్మినీ, కూతురు వసుంధరనూ ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని రెండు గదుల ఇంటికి తెచ్చుకున్నాడు. కువైట్‌లో వసుంధర నాలుగేళ్ళ కెమిస్ట్రీ డిగ్రీలో రెండేళ్ళు చదివింది. కట్టుబట్టలతో పారిపోయి వచ్చినప్పుడు మార్కుల కాగితాలు బీరువాలోనే ఉండిపోయాయి. కాలేజీలో రికార్డులు కాలిపోయాయని తరవాత తెలిసింది.

దోహా విశ్వవిద్యాలయంలో ఒకటే మాట చెప్పారు: రెండేళ్ళు చదివినట్టు రుజువు తేవాలి. మళ్ళీ మొదటి ఏడులో చేరుదామంటే బయటి దేశాలవాళ్ళకు సీట్లు లేవు. ఇండియా పంపడానికి సుబ్బలక్ష్మి ఒప్పుకోలేదు. యుద్ధంలో నాలుగు రోజులు కూతురు ఎక్కడుందో తెలియక అల్లాడిన మనిషి ఆమె.

ఒక శుక్రవారం కూరగాయల బజారులో వసుంధరకు బుర్హానుద్దీన్ సార్ కనిపించాడు. కువైట్‌లో ఆమెకు పాఠాలు చెప్పిన హైదరాబాదు ఆయన. ఆయన సర్టిఫికెట్లూ యుద్ధంలోనే పోయాయి. ఇప్పుడు రాస్ లఫాన్ రేవు పనుల్లో స్టోర్ కీపరు.

సంగతంతా విని ఆయన ముఖం వెలిగింది. "గంతేనా బేటీ? నేను రాసిస్త. రెండేండ్లు నా క్లాసుల కూసున్నవని నాకంటె ఎవరికెరుక?"

అక్కడే ఒక కొట్టు బల్ల మీద కాగితం పెట్టి, ఒత్తి రాసి, కింద నిండుగా సంతకం చేశాడు.

విశ్వవిద్యాలయంలో ఆ కాగితాన్ని చదివి తిరిగి ఇచ్చేశారు. "ఇప్పుడు ఈయన ప్రొఫెసర్ కాదు కదా. కాలేజీ ముద్ర కూడా లేదు."

తరవాతి శుక్రవారం సార్ ఇంటికే వచ్చాడు. గుమ్మంలోనే, "సీటొచ్చిందా?" అన్నాడు.

ఆ కళ్ళలోకి చూసి నిజం చెప్పడానికి వసుంధరకు నోరు రాలేదు. "వచ్చింది సార్."

"అయితే శుక్రవారం శుక్రవారం వస్త. మూడో ఏడు కెమిస్ట్రీ కష్టం."

అలా రెండేళ్ళు వచ్చాడు. ఇంట్లోవాళ్ళూ ఆయన దగ్గర అసలు సంగతి ఎత్తలేదు. మధ్యలో మెసైమీర్‌లోని ఒక కంపెనీలో ఆమెకు టైపిస్టు పని దొరికింది. కాలేజీ అయ్యాక సాయంత్రాలు చేసే పని అని సార్‌కు చెప్పింది. రాత్రిళ్ళు ఆయన ఇచ్చిన లెక్కలు చేసింది. ఆయన తెచ్చిన పుస్తకాలు అట్ట నుంచి అట్టదాకా చదివింది.

ఒకరోజు ఆయన నవ్వుతూ అడిగాడు. "పట్టా ఎప్పుడిస్తరు? సూట్ కుట్టించుకుంట. నేనూ వస్త."

ఇక దాచలేకపోయింది. తల వంచుకుని అంతా చెప్పింది.

సార్ చేతిలో పుస్తకం మూశాడు. "నా సంతకం చెల్లదన్నరా?" అని మాత్రం అడిగాడు.

ఆమె తలూపింది.

"మరి గీ రెండేండ్లు నాకోసం చదివినవా?"

"మొదట్లో మీకోసమే సార్. తర్వాత నాకోసమే."

ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

తరవాతి శుక్రవారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. నెల తరవాత ఆయన గదిలో ఉండే ఇక్రాముద్దీన్ వచ్చి, సార్ ఉద్యోగం మానేసి హైదరాబాదు వెళ్ళిపోయాడని చెప్పాడు.

పుస్తకంలో ఇంకా మూడు పాఠాలు మిగిలాయి. వసుంధర ఒక్కతే కూర్చుని చదవడం మొదలుపెట్టింది. రెండో పాఠంలో ఒక లెక్క ఎన్నిసార్లు చేసినా తెగలేదు. దోహాలో దాన్ని అడగడానికి ఆమెకు ఇంకెవరూ లేరు.