సోములమ్మ టెంకంబలి

సోములమ్మ పోయిన రోజున ఆ ఇంట్లో అన్నం, చిక్కుడుగింజల కూర మూతపెట్టి ఉన్నాయి. తెల్లవారకముందే లేచి ఆమె వండినవే. కొడుకునూ కోడలినీ పనులకు పంపించి, వాకిట్లో మామిడి టెంకలు ఎండబోస్తూ పక్కకు ఒరిగిపోయింది. చావు జరిగిన ఇంట్లో వండినది తినకూడదు. కోడలు హేమలత ఆ కూరగిన్నెను పెరట్లోకి తీసుకువెళ్ళి పారబోసింది. బంధువులు వస్తున్నారు, చాపలు వేయాలి, ఫోన్లు చేయాలి. అది అత్తగారి చివరి వంట అన్న ఆలోచన ఆ పూట ఎవరికీ రాలేదు.

అరకు దగ్గర కొండవాలులో వాళ్ళ ఊరు. సోములమ్మ కొడుకు ఫల్గుణ అవతలి కొండమీద ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. హేమలత నర్సు. వారంలో ఎక్కువ రోజులు ఊళ్ళు తిరుగుతుంది. వాళ్ళ కూతురు భాను పాడేరు హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. సోములమ్మ భర్త బుధు ముసలితనంలోనూ కాఫీ తోటకు వెళ్ళి వస్తాడు. ఆ ఇంట్లో అందరికీ పని ఉంది. వంట మాత్రం సోములమ్మది. ఆమెకు వేరే పనేముందని అందరూ అనుకున్నారు.

ఇంట్లోకి గ్యాస్ వచ్చాక కూడా ఆమె పెరటి పాకలో కట్టెల పొయ్యి వదల్లేదు. పొయ్యి మీద వెదురు అటక, అటక మీద మామిడి టెంకలు ఉండేవి. వానాకాలంలో ఆ టెంకలు పగలగొట్టి, లోపలి జీడి తీసి, వెదురు బుట్టలో పోసి గెడ్డలో, అదే కొండవాగులో, దించేది. పారే నీటిలో వగరు పోయాక దంచి పిండి చేసి అంబలి కాచేది. ఒకప్పుడు ఆ కొండల్లో తిండిగింజలు అయిపోయిన రోజులను గట్టెక్కించిన అంబలి అది. ఇప్పుడు రేషన్ డిపో బియ్యం వచ్చాయి. అయినా బుధుకు అది లేనిదే వానాకాలం వానాకాలం కాదు.

"గ్యాస్ ఉంది కదమ్మా, ఆ పొగలో ఎందుకు కూర్చుంటావు?" అనేవాడు ఫల్గుణ.

"పొగ నాకేటి సుకమా? టెంకలకిరా!" అని నవ్వేది.

కోడలిని ఒకటి రెండుసార్లు అడిగింది కూడా. "ఆదివారం నాతో గెడ్డకి రాయే. బుట్ట ఎలాగ దించాలో సూపిత్తాను."

హేమలతకు ఆదివారమే ఫోన్‌లో వారం లెక్కలన్నీ ఎక్కించాల్సిన రోజు. "మళ్ళీ వారం సూద్దాం అత్తా" అనేది. ఆ మాటలో విసుగు లేదు, అలసట ఉంది. సోములమ్మకు అది తెలుసు. అందుకే గట్టిగా అడగలేదు. కొడుకును మాత్రం ఒక్కసారీ అడగలేదు. మగపిల్లవాడిని గెడ్డకు రమ్మనాలని ఆమెకూ తోచలేదు.

ఆమె పోయాక పాక కూలిపోయింది. మళ్ళీ కట్టలేదు. అమ్మ ఎండబోసిన టెంకలను ఫల్గుణ ఒక్కటీ పోనివ్వకుండా ఏరి, ప్లాస్టిక్ బస్తాలో పోసి, మూతి బిగించి, వాన తగలకుండా శ్లాబు ఇంట్లో గూట్లో పెట్టాడు. అమ్మ దాచిన వాటిని తానూ దాచానని అనుకున్నాడు.

వానలు బాగా దిగాయి. బుధు తిండి తగ్గిపోయింది. కంచం ముందు కూర్చుంటాడు, కెలుకుతాడు, లేచిపోతాడు. భుజాల ఎముకలు పైకి తేలాయి. హేమలత రక్తపరీక్ష చేయించింది. ఏ జబ్బూ లేదన్నారు.

"ఏటి మావా, రెండు ముద్దలు కూడా తినకపోతే ఎలాగ?"

"దిగతన్నేదమ్మా." తర్వాత తప్పు మాట అంటున్నట్టు అన్నాడు. "టెంకంబలయితే కొంచెం తాగుదును."

హేమలత మర్నాడు సెలవు పెట్టింది. బస్తా విప్పగానే ముక్కిన వాసన కొట్టింది. టెంకలు పగలగొడితే కొన్నిటి జీడి మీద నల్లని పొడి కనిపించింది. బూజు పట్టిన టెంకల అంబలి తాగవద్దని ఊరూరా చెప్పే మనిషి ఆమె. చేతులు ఆగాయి. కానీ గడపలో బుధు కూర్చుని ఇటే చూస్తున్నాడు. బాగా చెడినవి తీసేసింది. మిగిలినవి కడిగింది. గెడ్డకు వెళ్ళే వ్యవధి లేక బకెట్లో నానబెట్టి, రెండుసార్లు నీళ్ళు మార్చింది. మిక్సీలో తిప్పి, చాలాసేపు మరిగించింది. మరిగిస్తే ఏ దోషమైనా పోతుందని తనకు తాను చెప్పుకుంది. చేదుగా ఉంటే బెల్లం వేసింది.

బుధు గిన్నెడు తాగాడు. "మీ అత్త కాసినట్టే ఉందమ్మా" అన్నాడు. అది అబద్ధమని ఆమెకు తెలుసు. అయినా కళ్ళు నిండాయి. ఫల్గుణ గ్లాసుడు తాగాడు.

చీకటి పడకముందే ఇద్దరికీ వాంతులు మొదలయ్యాయి. ఫల్గుణ తేరుకున్నాడు. బుధును ఆసుపత్రిలో చేర్చారు. నాడి అందని పూట ఒకటి గడిచింది. సెలైన్ సీసా కింద హేమలత నర్సులా కాకుండా నేరం చేసిన మనిషిలా కూర్చుంది.

బుధు కళ్ళు తెరిచాక అతని చెల్లెలు దొయిమతి డుంబ్రిగుడ నుంచి వచ్చింది.

"ఏటన్నా, పెళ్ళాం ఎనకాలే ఎల్లిపోదావనుకున్నావేటి?"

"ఎల్లినాను. తోలీసింది" అన్నాడు బుధు నీరసంగా.

"తోలదా మరి! అక్కడైనా సుకంగా కూకోనీ దాన్ని."

అందరూ నవ్వారు. హేమలత నవ్వలేదు. దొయిమతి ఆమె పక్కన కూర్చుంది.

"బాగా మరిగించానత్తా" అంది హేమలత.

"బూజు ఇసం మరిగిత్తే పోదమ్మా. అందుకే మీ అత్త బూజు పట్టనిచ్చేది కాదు. టెంకలెక్కడుంచినారు?"

"బస్తాలో, మూతి కట్టి" అన్నాడు ఫల్గుణ.

"పొగ?"

పొగ దేనికోసమో అమ్మ ఫల్గుణకు చెప్పింది. తాను విన్నాడు. విని నవ్వి, బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

"నాకెవరూ నేర్పలేదత్తా" అన్నాడు చివరికి.

"అడిగినావేటి? అంబలి తాగడానికి కొడుకువి, కాయడానికి కోడలా? దానికి ఉద్యోగం, నీకూ ఉద్యోగమే. ఆ కడుపున పుట్టింది నువ్వు కదరా!"

"పోనీ, నువ్వు చెప్పు. ఇప్పుడు నేర్చుకుంటాను."

దొయిమతి గొంతు తగ్గింది. "నాకేటి తెల్సు? మా ఇంట్లోనూ గ్యాసే. అంబలి కాసి ఎన్నేళ్ళయిందో. గెడ్డలో దించాలని గేపకం. ఎప్పుడు తియ్యాలో, సేత్తో పట్టుకుని మీ అమ్మే సూసేది. పనసపుట్టు ఊరవతల ఒక ముసిల్ది ఉంది. అది ఇంకా కాత్తదంట. బేగి ఎల్లండి. అదీ పోతే ఇంకెవరూ నేరు."

చదివేవారు ఇది కొండల్లోని ఒక ఇంటి సంగతే అనుకోవద్దు. అందరూ పనికి వెళ్ళే ఇళ్ళలో వంట ఎవరో ఒకరిమీద పడుతుంది. ఆ ఒకరు ముసలివారైతే దాన్ని పని అని కూడా అనం, కాలక్షేపం అంటాం. పెళ్ళిళ్ళకూ శిక్షణ తరగతులకూ రోజులు కేటాయిస్తాం. అమ్మ పక్కన నిలబడి ఒక వంట మొదటినుంచి చివరివరకు చూడటానికి ఒక పూట కేటాయించం. రోజూ తింటున్నాం కనుక మనకు తెలుసుననుకుంటాం. తినడం వేరు, నేర్చుకోవడం వేరు. నేర్చుకోవలసింది కోడలు ఒక్కతే కాదు. ఆ వంట తిన్న ప్రతివారూ, ఆ చేయి ఉండగానే నేర్చుకోవాలి.

బుధు ఇంటికి వచ్చాడు. పెట్టింది తింటున్నాడు. హేమలత "ఏం కావాలి మావా?" అని అడిగితే "ఏదైనా పర్వానేదమ్మా" అంటాడు. మళ్ళీ ఎప్పుడూ టెంకంబలి పేరెత్తలేదు.

పనసపుట్టు వెళ్ళాలని ఫల్గుణ, హేమలత, భాను ముగ్గురూ అనుకున్నారు. భాను పరీక్షలు అయ్యేసరికి ఫల్గుణకు శిక్షణ పడింది. అది ముగిసేసరికి హేమలతకు మలేరియా సర్వే వచ్చింది. ఏటా కొత్త మామిడికాయలు తినడం మొదలుపెట్టే మామిడి కొత్త పండుగ కూడా వెళ్ళిపోయింది. వాళ్ళు ఇంకా వెళ్ళలేదు.