పళ్ళెంలో నాలుగో వైపు

ముందు పొగ వచ్చింది.

హోటలు ఇంకా కనబడలేదు. తాటిపాక సెంటరూ రాలేదు. ఆటో కాలవగట్టు మీద ఉండగానే వచ్చింది — బొగ్గుల పొగ, కొవ్వు కరుగుతున్న పొగ, ఎక్కడో అడుగున ఏలకుల తీపి కలిసిన పొగ. కొబ్బరితోటల్లోంచి వంగి వచ్చి ఆటోలో దూరింది.

శ్రీదుర్గ చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

అమ్మ కళ్ళు మూసుకుంది.

మూసుకుని, గుండెల నిండా పీల్చుకుంది.

శ్రీదుర్గ అది చూసింది. ఇంటికి వచ్చిన రోజున కూడా అమ్మ అలా పీల్చుకోలేదు. ఆ రోజు వాకిట్లో పారిజాతాలు రాలి ఉన్నాయి. మామ్మ పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది. అమ్మ చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, మామూలుగా లోపలికి వచ్చింది. అంతే.

ఈ పొగకి మాత్రం కళ్ళు మూసుకుంది…

అమ్మ ఏదో దాస్తోంది.

శ్రీదుర్గ ఐదో తరగతిలో ఉండగా అమ్మ సలాలా వెళ్ళింది. సముద్రం అవతల అరబ్బు దేశంలో, ఒక యెమెన్ వాళ్ళ ఇంట్లో పనికి. అక్కడా కొబ్బరిచెట్లేనట. అక్కడా వానల్లో నేలంతా పచ్చగా అవుతుందట. ఫోన్లో అమ్మ అలా చెప్పినప్పుడల్లా శ్రీదుర్గకి భయం వేసేది. అక్కడా ఇలాగే ఉంటే, ఇక్కడికి రావడం ఎందుకు?

కానీ వచ్చింది. ఏడేళ్ళ తర్వాత, ఈ దసరాకి వచ్చేసింది.

ఇంక వెళ్ళనని నాన్నతో అంది. నాన్న నమ్మాడు. నమ్మి, రొయ్యల చెరువు మీద కాపలాకి వెళ్ళిపోయాడు. మామ్మ సగం నమ్మింది.

శ్రీదుర్గ నమ్మలేదు.

అమ్మ పెట్టె ఇంకా మంచం కిందే ఉంది. బట్టలు బీరువాలోకి రాలేదు. అమ్మ ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్తుంది. అరటిచెట్ల వెనక నిలబడి, చెవికి గట్టిగా ఆనించి, ఎవరో మాట్లాడి పంపింది వింటుంది. మళ్ళీ వింటుంది. వింటూ నవ్వుతుంది. అరటాకు కదిలితే చాలు, నవ్వు ఆపేస్తుంది.

ఎవరి గొంతు అది?

ఇప్పుడు ఈ భోజనం. కార్తీకం వెళ్ళిన మొదటి ఆదివారం, ఇంట్లో కోడి కోసుకోవచ్చు కదా. కాదు. తాటిపాకలో కొత్తగా పెట్టిన యెమెన్ హోటల్‌కి వెళ్దాం అంది అమ్మ. "నేను అక్కడ ఏం తినేదాన్నో మీరూ చూద్దురుగాని."

శ్రీదుర్గకి ఒకటి బాగా గుర్తుంది. అమ్మ వెళ్ళిపోయిన రోజు. పొద్దున్నే ఆత్రేయపురం పూతరేకులు తెప్పించింది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని తినిపించింది. రేకు నోట్లో కరుగుతోంది, నెయ్యి పెదాలకి అంటుతోంది, అమ్మ తల నిమురుతోంది. అది కరిగిపోయేలోపే వీధిలో కారు హారన్ మోగింది.

ఆ తర్వాత శ్రీదుర్గ పూతరేకులు ముట్టలేదు.

అమ్మ పిలిచి తినిపిస్తోందంటే — దాని వెనక ఏదో ఉంటుంది.

*

హోటలు చిన్నది. సిమెంటు రేకుల కప్పు, ఆకుపచ్చ రంగు గోడలు, తెరలు కట్టిన అరలు. లోపల బల్లల్లేవు, కుర్చీల్లేవు. చెప్పులు బయట విడిచి, అరుగులాంటి దాని మీద పరిచిన తివాచీ మీద కూర్చోవాలి. వెనక బాలీసులు. మామ్మ మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ కూర్చుంది.

"ఇదేం హోటలే! డబ్బులిచ్చి కింద కూర్చోవడమేంటి? ఆ మాత్రానికి మనింట్లో పీటల్లేవా?"

అమ్మ నవ్వింది. ఒక మోకాలు పైకి మడిచి, ఒక కాలు కిందకి ముడుచుకుని కూర్చుంది. ఆలోచించకుండా కూర్చుంది. ఇంట్లో అమ్మ అలా కూర్చోదు.

ఆ కూర్చోవడం ఎక్కడిది?

హోటలాయన వచ్చాడు. బుజ్జిబాబు అట పేరు. మలికిపురం మనిషి. సలాలాలో యెమెన్ మాస్టరు దగ్గర వంట నేర్చుకుని వచ్చి ఇక్కడ పెట్టాడట.

"ఆయ్, రండి రండి! పొద్దున ఫోన్ చేసింది మీరేనాండి? గొయ్యిపొయ్యిలోనే వండుతున్నారా అనడిగారు?"

ఫోన్ కూడా చేసింది.

అమ్మ తలూపింది. అతను వేరే భాషలో ఏదో అన్నాడు. అమ్మ అదే భాషలో జవాబిచ్చింది. గొంతులోంచి వచ్చే మాటలు, ఇసుక మీద నీళ్ళు ఇంకుతున్నట్టు. మధ్యలో అమ్మ గట్టిగా నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది.

శ్రీదుర్గ ఆ నవ్వుని ఎరగదు.

తెలుగులో అమ్మ మెల్లగా మాట్లాడుతుంది. అత్తగారి ముందు తలవంచుకుని మాట్లాడుతుంది. ఈ భాషలో అమ్మకి వేరే గొంతు ఉంది. వేరే వయసు ఉంది.

"ఏంటంటున్నాడే?" మామ్మ మనవరాలిని అడిగింది.

"నాకేం తెలుసు మామ్మా."

నాకేం తెలుసు…

*

పళ్ళెం వచ్చింది. మామూలు పళ్ళెం కాదు, ముగ్గురి మధ్య నిండు చందమామలా దిగింది. పొడుగు మెతుకుల అన్నం — సగం తెలుపు, సగం పసుపు. పైన వేటమాంసం, ఎముక నుంచి జారిపోయేలా ఉడికింది. పక్కన చిన్న గిన్నెల్లో టమాటా పచ్చడి, ఎముకల చారు.

ఒక్కటే పళ్ళెం.

మామ్మ చూసింది. మిగతా కంచాల కోసం ఎదురుచూసింది. ఎవరూ తేలేదు.

"ముగ్గురం ఒక్క కంచంలోనా? ఎంగిలి కాదూ!"

"ఎవరి ముందున్నది వాళ్ళే తినాలండి అత్తయ్యగారూ. పక్కవాళ్ళ వైపు చెయ్యి పెట్టకూడదు. అక్కడ పసిపిల్లలకి కూడా మొట్టమొదట అదే నేర్పుతారు."

పసిపిల్లలకి కూడా. ఆ మాట అంటున్నప్పుడు అమ్మ గొంతు కొంచెం జారింది. జారి, నిలబడింది.

మామ్మ ఊరుకోలేదు. వేళ్ళతో అన్నాన్ని రెండు పక్కలా పైకి లాగి గట్టు వేసింది — చేలో ఊడ్పుల ముందు వేసినట్టు నిటారుగా, గట్టిగా.

"ఇది నా మడి. నా గట్టు దాటి ఎవరూ రాకండి."

అందరూ నవ్వారు. శ్రీదుర్గ కూడా నవ్వింది. కానీ కళ్ళు అమ్మ చేతి మీద ఉన్నాయి.

మామ్మ ఒక వైపు. శ్రీదుర్గ ఒక వైపు, అమ్మకి ఎదురుగా. అమ్మ ఒక వైపు. అమ్మకి ఎడమపక్క, తెర దగ్గర, ఎవరూ లేరు. ఆ వైపు అన్నం అలాగే ఉంది.

మామ్మ తింటోంది. మసాలా లేని పలావు అంటోంది. అంటూనే మాంసం వదలడం లేదు. అమ్మ ఆవిడకి కబుర్లు చెబుతోంది. అక్కడి వంటమాస్టర్లు గొయ్యి తవ్వి, నిప్పులు పోసి, అన్నం గిన్నె కింద పెట్టి, మాంసం పైన వేలాడదీసి, మట్టితో మూత వేసేస్తారని. మాంసం కన్నీళ్ళు పెట్టినట్టు కొవ్వు చుక్క చుక్కగా అన్నంలోకి కారుతుందని.

అమ్మ నోరు కబుర్లు చెబుతోంది.

అమ్మ చెయ్యి వేరే పని చేస్తోంది.

శ్రీదుర్గ చూస్తోంది. అమ్మ చెయ్యి మాంసాన్ని ఎముక నుంచి విడదీసింది. పీచు పీచుగా తీసింది. ఇంకా సన్నగా. లవంగం ఏరేసింది. ఏలక్కాయ ఏరేసింది. మెతుకుల్ని వేళ్ళ మధ్య మెదిపింది. ఉసిరికాయంత ముద్ద చేసింది. చేసి —

ఎడమపక్కకి జరిపింది.

ఎవరూ లేని వైపు.

నీళ్ళలో నిలబడ్డ కొంగ మెడలా ఆ చెయ్యి మళ్ళీ వంగింది. మళ్ళీ విడదీసింది. మళ్ళీ ఏరింది. మళ్ళీ జరిపింది. అమ్మ అటు చూడటం లేదు. చూడాల్సిన అవసరం లేనట్టు… ఆ చేతికి దారి తెలిసినట్టు.

ఎవరూ లేని వైపు ముద్దలు పోగయ్యాయి. చిన్న చిన్న ముద్దలు.

ఎవరికి?

ఆ క్షణంలోనే మామ్మ కూడా చూసింది. చూసి, తినడం ఆపేసింది. ఆవిడ ముఖం నెమ్మదిగా మెత్తబడింది.

"మీ మావగారికా అమ్మా, తీసిపెట్టావు?"

అమ్మ చెయ్యి ఆగింది. ముద్దల వైపు చూసింది. అప్పుడే, మొదటిసారి చూసినట్టు చూసింది.

"కార్తీకమంతా ఆయన పేరున దీపం పెట్టాను గానీ, నోటికి రుచిగా ఒక్క ముద్ద తీసిపెట్టలేకపోయాను. మాంసమంటే ప్రాణం మహానుభావుడికి." మామ్మ ఎడంచేత్తో కళ్ళు ఒత్తుకుంది. "ఊరుగాని ఊరెళ్ళినా నువ్వు మర్చిపోలేదు చూడు."

తెర కదిలింది. పొగ పలచగా లోపలికి వచ్చి వెళ్ళింది.

"అవునండి అత్తయ్యగారూ," అంది అమ్మ.

అబద్ధం.

శ్రీదుర్గకి వెంటనే తెలిసింది. తాతయ్యకి ఎముక కావాలి. పళ్ళెం మీద కొట్టి, మూలుగు జుర్రి, మీసం తుడుచుకునేవాడు. తాతయ్యకి ఎవరూ పీచులు తీసి పెట్టలేదు. లవంగం ఏరి పెట్టలేదు.

ఆ ముద్దలు ముసలి నోటివి కావు.

*

మామ్మ చేతులు కడుక్కోవడానికి లేచింది. బుజ్జిబాబు దారి చూపించి, వెనక్కి వచ్చి, పళ్ళెం వైపు చూశాడు. ముద్దల వైపు చూశాడు. చూసి, గొంతు తగ్గించి, తెలుగులోనే అడిగాడు.

"ఆ ఇంట్లో చిన్నపిల్ల ఉండేదాండి?"

అమ్మ తల ఎత్తలేదు. "ఊఁ. నేనెళ్ళాకే పుట్టింది. నా పక్కనే కూర్చుని తినేది."

"నాకూ కొన్నాళ్ళు అలాగే ఉండేదండి. గొయ్యి మూత తీస్తూ మా మాస్టర్ని పిలిచేసేవాణ్ణి, ఇక్కడున్నాడనుకుని. ఇప్పుడెలా ఉంది పాప?"

"పై పన్ను కదులుతోంది మొన్నటి నుంచి. ఎవరు పెట్టినా నమలడం లేదట."

అతను తలూపి వెళ్ళిపోయాడు.

మొన్నటి నుంచి.

శ్రీదుర్గ ఆ మాటని పట్టుకుంది. మొన్న అమ్మ ఇక్కడ ఉంది. పెరట్లో, అరటిచెట్ల వెనక, ఫోన్ చెవికి ఆనించుకుని ఉంది. అయితే ఆ గొంతు మగాడిది కాదు. పని ఇస్తామనే ఏజెంటుదీ కాదు. పన్ను కదులుతున్న ఒక చిన్న నోటిది.

భయం తగ్గాలి కదా.

తగ్గలేదు. పెరిగింది.

ఏజెంటు పిలిస్తే అమ్మ వెళ్ళనని చెప్పగలదు. డబ్బు పిలిస్తే నాన్న వద్దని చెప్పగలడు. నమలలేకపోతున్న పిల్ల పిలిస్తే… ఎవరు ఏం చెబుతారు?

శ్రీదుర్గ చివరి పాలపన్ను ఊడినప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. మామ్మ చేలో ఉంది. నోట్లో ఉప్పగా రక్తం. పన్నుని తనే పెంకుల మీదికి విసిరింది. అది జారి కింద పడింది. మళ్ళీ విసిరింది. ఆ రోజు సలాలాలో అమ్మ చెయ్యి ఏం చేస్తోందో ఆమెకి అప్పుడు తెలియదు.

ఇప్పుడు తెలుసు.

ఆమె లేచింది.

ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు. క్లాసులో జవాబు తెలిసినా లేవని పిల్ల. బస్సులో సీటు అడగని పిల్ల. లేచి, పళ్ళెం చుట్టూ తిరిగి, తెర పక్కన, అమ్మకి ఎడమవైపు కూర్చుంది. మోకాళ్ళు ముడుచుకుని, చిన్నగా కూర్చుంది.

మొదటి ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది.

మెత్తగా ఉంది. ఎముక లేదు, లవంగం లేదు, ఏమీ అడ్డం రాలేదు. నమలక్కర్లేకుండానే దిగిపోయింది. ఇలాంటి ముద్ద ఎప్పుడైనా తిన్నట్టు ఆమెకి గుర్తు లేదు.

అమ్మ ఊపిరి తీసుకోవడం వినబడింది.

రెండో ముద్ద.

మామ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గతుక్కుమంది. "ఓసి నీ దుంపతెగ! పెద్దాయన ముద్ద తినేశావేంటే!"

అమ్మ ముఖం పాలిపోయింది. శ్రీదుర్గ ఆ ముఖాన్ని చూసింది. ఒక్క మాట చెబితే చాలు. అవి ఎవరి ముద్దలో ఒక్క మాట —

"తాతయ్య నన్ను తినమన్నాడు మామ్మా. ఎముకల్లేవు, నాకొద్దన్నాడు."

మామ్మ పకపకా నవ్వింది. "ఆఁ, అంటాడంటాడు! అచ్చం ఆయన మాటే!" నవ్వుతూనే, నాన్నకి పొట్లం కట్టించడానికి బుజ్జిబాబుని కేకేస్తూ తెర దాటి వెళ్ళింది.

ఇద్దరే మిగిలారు.

అమ్మ ఆమె వైపు చూసింది. ఆమె అమ్మ వైపు చూసింది. దాచినవాళ్ళూ, కనిపెట్టినవాళ్ళూ చూసుకునే చూపు.

"అమ్మా… మళ్ళీ వెళ్తావా?"

ఇన్ని రోజులుగా గొంతు కింద తిరుగుతున్న మాట. బయటికి వచ్చేసరికి ఎంతో చిన్నదిగా ఉంది.

పళ్ళెం మధ్యలో ఇంకా ఎవరూ ముట్టుకోని అన్నం ఉంది. అమ్మ దాంట్లోకి వేళ్ళు దించి విప్పింది. లోపల ఇంకా వేడి ఉంది. ఆవిరి లేచింది — తెల్లగా, ఏలకుల వాసనతో, ఇద్దరి మధ్యా నిటారుగా. ఆ ఆవిరిలో అమ్మ ముఖం కనబడలేదు.

చెయ్యి మాత్రం కనబడింది. విడదీసింది. ఏరింది. మెదిపింది. ఎడమవైపుకి వచ్చింది. ఈసారి పళ్ళెంలో పెట్టలేదు. నోటి దగ్గరికి తెచ్చింది.

శ్రీదుర్గ నోరు తెరిచింది.

నోటి నిండా అన్నం ఉంటే ఎవరూ ఏమీ అడగలేరు. అది అమ్మకి తెలుసా?

ఆమె నమలలేదు. మింగలేదు. ఆవిరి ఎప్పుడు తగ్గి అమ్మ ముఖం కనబడుతుందా అని చూస్తోంది…

ఆ చెయ్యి అప్పుడే ఇంకో ముద్ద కలుపుతోంది. ఉసిరికాయంత ముద్ద.