ఎంటర్ కొడితే పోయే పేరు

గుండ్లపోచంపల్లి చర్చిలో కోత పండుగకు ముందురోజు ఎవరికీ కాలు నిలవదు. ఒకరు గుమ్మడికాయలు మోసుకొస్తారు, ఒకరు చెరుకు గడలు గుమ్మానికి కడతారు, ఇంకొకరు ఏ పనీ చెయ్యకుండా అందరికీ పనులు పురమాయిస్తారు. రెబెక్కా మాత్రం పొద్దున పదింటి నుంచి వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్క పేరుతో కుస్తీ పడుతోంది.

ఆ పేరు జక్కయ్య.

పేరుగల మనిషి ఎదురుగానే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఆర్టీసీలో ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైనవాడు. స్టీరింగ్ లేకపోయేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద తాళం వేస్తుంటాడు. రేపటి ఆరాధనలో ప్రత్యేక గీతం పాడాలని ఆయన కోరిక. ఒట్టి కోరికైతే ఫర్వాలేదు, అది పంతం కింద ముదిరింది.

ఆ చర్చిలో ఒక కట్టుబాటు ఉంది. అచ్చువేసిన కార్యక్రమం కాగితంలో పేరుంటేనే మైకు ముందుకు పిలుస్తారు. ఒకానొక మట్టల ఆదివారం నాడు ఇద్దరు ఒకేసారి మైకు పట్టుకుని, ఇద్దరూ వదలక, రెండు పాటలూ కలిపి పాడిన దగ్గర్నుంచి పాస్టరయ్యగారు పెట్టిన చట్టం అది. కాగితంలో లేకపోతే గబ్రియేలు దూత దిగొచ్చినా బెంచీ మీదే కూర్చోవాలి.

జక్కయ్య పేరు రెండేళ్లుగా ఆ కాగితం ఎక్కలేదు. ఆయన ముందుగానే వచ్చి చెప్పేవాడు. అప్పటి సెక్రటరీ గిడియోన్ ఆయన కళ్ల ముందే టైపు చేసేవాడు. ఎంటర్ కొట్టగానే పేరు మాయం. "కంప్యూటర్ ప్రాబ్లం అంకుల్" అనేవాడు గిడియోన్. ఈ ఏడు గిడియోన్ పెళ్లి చేసుకుని కౌకూర్‌కు మారిపోయాడు. కంప్యూటరు, ప్రింటరు, ప్రాబ్లం మూడూ రెబెక్కాకు దక్కాయి.

"మళ్ల కొట్టు బిడ్డా. గీసారి మెల్లగ కొట్టు," అన్నాడు జక్కయ్య.

రెబెక్కా మెల్లగానే కొట్టింది. ఎక్సెల్ షీటు గడిలో జక్కయ్య అని నల్లగా, నిక్షేపంలా కనబడింది. ఎంటర్ నొక్కింది. గడి ఖాళీ.

ఆమెకు రోషం పొడుచుకొచ్చింది. వారమంతా మేడ్చల్ దగ్గర గోడౌన్‌లో వేల మందుల పేర్లు ఇలాంటి గడుల్లోనే ఎక్కించే మనిషి. నోరు తిరగని మందుల పేర్లే కిక్కురుమనకుండా కూర్చుంటాయి, జక్కయ్యకు ఏమొచ్చింది?

ఖాళీ గడి మీద ఒకసారి నొక్కి చూసింది. పైన పొడుగ్గా ఉండే పట్టీలో పేరు భద్రంగా ఉంది.

"పేరు పోలేదంకుల్, దాస్కుంది."

"ఎవలకు భయపడి?"

అక్షరాలకు నల్లరంగు పెట్టింది. లాభం లేదు. గడి వెడల్పు చేసింది, అక్షరాల సైజు పెంచింది, ఫార్మాట్ మార్చింది. ఊహూఁ. అదే గడిలో విక్టర్ అని కొట్టి చూసింది. విక్టర్ అంటే చర్చిలో గంట కొట్టే పెద్దమనిషి. ఆయన పేరు హాయిగా నిలబడింది. జక్కయ్యను పక్క గడిలో పెట్టింది, కింది గడిలో పెట్టింది, ఎక్కడా లేదు. జక్క అని వదిలేస్తే ఉంటుంది. మిగిలిన సగం తగిలించగానే పోతుంది.

"అంటె గడికేం రోగం లేదు, నా పేరుకే ఉన్నది." నవ్వుతూనే అన్నాడు జక్కయ్య. కాసేపటికి మోకాళ్ల మీద తాళం ఆగిపోయింది. "దేవుడే వద్దంటుండేమో బిడ్డా. రెండేండ్ల సంది చెప్తనే ఉండొచ్చు. నాకే సమజైతలేదు."

రెబెక్కాకు ఆ మాట అలా వదిలెయ్యబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆయన పొద్దున వస్తూనే తలుపు దగ్గరగా వేసి ఒక రహస్యం చెప్పాడు. రేపటికి తన పెళ్లయి నలభై ఏళ్లు. భార్య కృపమ్మ మీద సొంతంగా పాట కట్టాడు. నెల రోజులుగా మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక దాక్కుని సాధన చేస్తున్నాడు. కృపమ్మకు పొక్కకూడదు.

"పరేషాన్ కాకుండ్రి అంకుల్. జర చాయ్ పట్టుకొస్తరా? గీలోపు నేను దీని సంగతి చూస్త."

ఆయన వెళ్లాక, పండుగ కళ ఉంటుందని పాటల వరుసకు పసుపు రంగు వేసింది. పసుపు మీద తెల్లగా, దొంగలా, తొంగి చూస్తోంది జక్కయ్య.

"ఓర్నీ!" అంది రెబెక్కా. తెల్ల గడిలో తెల్ల అక్షరాలు. మరి నల్లరంగు పెట్టినా ఎందుకు మారలేదు? అంటే పైనుంచి ఏదో ఆజ్ఞ ఉంది. గడుల రంగులకు షరతులు పెట్టే కండిషనల్ ఫార్మాటింగ్ తెరిచింది. అక్కడ ఒకే ఒక్క నియమం బుద్ధిగా కూర్చుని ఉంది: గడిలో 'జక్కయ్య' అని ఉంటే అక్షరాలు తెల్లగా మార్చు.

ఇది మిషన్ పని కాదు, మనిషి పని. వెంటనే గిడియోన్‌కు ఫోన్ కొట్టింది.

"దొరికిపోయిన్నా చెల్లె?" అవతల గిడియోన్ పగలబడి నవ్వాడు. "నా తప్పేం లేదు. పెద్దమనిషి ముఖం మీద వద్దని ఎట్ల జెప్త? పండుగ పండుగకు ఒక డబ్బ బోటి ఫ్రై వచ్చేది. దేవుని పని అనుకొని జేసిన."

"ఎవలు పంపిన్రన్నా?"

గిడియోన్ జవాబు చెప్పేలోపే తలుపు తెరుచుకుంది. చేతిలో స్టీలు డబ్బాతో కృపమ్మ. జవాబు వాసన గదంతా కమ్మేసింది.

"తిను బిడ్డా, వేడిమీదున్నది," అంటూ డబ్బా మూత తీసి, తెర మీదికి చూసి, పసుపు రంగు మీద మొగుడి పేరు చదివి, అదే మూత టక్కున పెట్టేసింది. "తెలిసిపోయిందా?"

"గిట్లెట్ల జేసిన్రు ఆంటీ? అంకుల్ పాపం..."

"పాపం నాకు తెల్వదా?" కృపమ్మ కుర్చీలో కూలబడింది. "మూడేండ్ల కింద గీ పండుగకే పదకొండు చరణాలు పాడిండు. చరణం చరణానికి ఆగి అర్థం జెప్పిండు. బిర్యాని సల్లగైంది. ఆఖరికి ఆ విక్టర్ లేచి గంట గొట్టిండు. అందరు నవ్విన్రు. మా ఆయనేమో తన పాట నచ్చి నవ్వుతున్నరనుకుని ఇంకింత గట్టిగ పాడిండు. నాకు కండ్లల్ల నీళ్లు దిరిగినయ్. నా మొగుణ్ని నేను ఎన్నన్న అంట. ఊరోళ్లు నవ్వితే ఓర్వలేను బిడ్డా."

కృపమ్మ రెబెక్కా చెయ్యి పట్టుకుంది.

"నాకు మాటియ్యి. జక్కయ్య అన్న పేరు రేపు కాయితం మీద కనబడద్దు."

రెబెక్కా ఒకసారి కృపమ్మను చూసింది, ఒకసారి డబ్బాను చూసింది. "కనబడదు ఆంటీ. మాటిస్తున్న."

అప్పుడే జక్కయ్య రెండు చాయ్ గ్లాసులతో వచ్చి, గుమ్మంలోనే బిగుసుకుపోయాడు.

"నువ్వేంది గీడ?" అన్నాడు.

"నువ్వేంది గీడ?" అంది కృపమ్మ.

మైకు వైరు చూడటానికొచ్చానని ఆయన, గుమ్మడికాయ ఇవ్వడానికొచ్చానని ఈమె. ఆయన చేతిలో వైరు లేదు, ఈమె చేతిలో గుమ్మడికాయ లేదు. రెండు రహస్యాలూ ఎదురెదురుగా కూర్చుని చాయ్ తాగాయి. రెబెక్కా నోరు విప్పితే ఏది బయటపడుతుందోనని బోటి నోట్లో కుక్కుకుంది.

ఇద్దరూ వెళ్లాక ఆలోచనలో పడింది. నియమం తీసెయ్యడం చిటికెలో పని. కానీ తీసేస్తే ఇచ్చిన మాట పోతుంది. ఉంచేస్తే, దేవుడే తన పాట వద్దన్నాడని ఆ పెద్దాయన నమ్మేస్తాడు. గోళ్లు కొరికింది, తెరకేసి చూసింది, చివరికి పెదవి చివర ఒక కొంటె నవ్వు నవ్వి జక్కయ్యకు ఫోన్ చేసింది.

"అంకుల్, పాట ఖాయం. గని మూడే చరణాలు. నడుమల అర్థం జెప్పద్దు."

"మూడా? తొమ్మిది రాసిన బిడ్డా!"

"మూడు."

"ఐదు జెయ్యరాదు?"

"అంకుల్!"

"సరే తీ," అన్నాడు జక్కయ్య, మస్తు బాధతో.

ఫోన్ పెట్టేసి, గడిలో కొత్తగా ఏదో కొట్టి, ఎంటర్ నొక్కింది. అక్షరాలు చెక్కుచెదరలేదు.

ఆదివారం కాగితం చేతికి రాగానే కృపమ్మ కళ్లద్దాలు పెట్టుకుని పైనుంచి కిందిదాకా వెతికింది. జక్కయ్య ఎక్కడా లేడు. నిమ్మళంగా కాగితం మడిచి విసురుకోవడం మొదలుపెట్టింది. ఒక్క వరుస సరిగ్గా చదివి ఉంటే అంత నిమ్మళంగా విసురుకునేది కాదు.

ప్రసంగం అయ్యాక అయ్యగారు కాగితం కంటి దగ్గరగా పెట్టుకున్నారు. "ఇప్పుడు ప్రత్యేక గీతం పాడేది..." అని ఆగి, మళ్లీ చదువుకుని, "కృపమ్మ గారి భర్త!" అన్నారు.

చర్చి ఘొల్లుమంది. కృపమ్మ చేతిలో కాగితం ఆగిపోయింది. తిరిగి రెబెక్కాను ఒక చూపు చూసింది. రెబెక్కా పాటల పుస్తకంలో తల దూర్చేసింది.

జక్కయ్య మైకు ముందుకొచ్చాడు. గొంతు మూడేళ్లలో ఏమీ మెరుగుపడలేదు. కానీ పాటలో తెల్లారి నాలుగింటి డ్యూటీ ఉంది. ఆయనకంటే ముందు లేచి టిఫిన్ కట్టిన ఒక చెయ్యి ఉంది. బస్సు తిరిగొచ్చేదాకా వాకిట్లో ఆరిపోకుండా ఉన్న ఒక లైటు ఉంది. ఆ చెయ్యిని, ఆ లైటును ఇచ్చినందుకు దేవుడికి వందనాలు చెబుతున్నాడు. ఎవరూ నవ్వలేదు. ముందు బెంచీలో ఎవరో ముక్కు ఎగబీల్చారు.

మూడో చరణం అయింది. జక్కయ్య రెబెక్కా వైపు చూశాడు. బుద్ధిగా కాగితం మడిచి జేబులో పెట్టుకుని దిగబోయాడు.

"ఆగినవేంది? ఇంక లెవ్వా?" ఆడవాళ్ల వైపు నుంచి కృపమ్మ గొంతు.

"ఉన్నయి గని... మూడే అన్నది బిడ్డ," అన్నాడు జక్కయ్య మైకులోనే.

కృపమ్మ లేచి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో కాగితం పైకెత్తి చూపించింది. "గీ కాయితం మీద ఉన్నది నా పేరు. నేను జెప్తున్న. పాడు."

జక్కయ్య తొమ్మిది చరణాలూ పాడాడు, అర్థాలతో సహా. ఏడో చరణం దగ్గర విక్టర్ లేచి గంట కొట్టాడు గానీ ఎవరూ కదల్లేదు.

ఆరాధన తర్వాతి ప్రేమవిందులో బిర్యానీ చల్లగా ఉంది. కృపమ్మ అందరికంటే ముందు పళ్లెం నింపుకుని రెబెక్కా పక్కకొచ్చి కూర్చుంది. రెండు ముద్దలు తింది.

"బిడ్డా, ఆ తెల్లరంగేదో మా ఆయన పేరుకు తీసెయ్యి."

"అట్లనే ఆంటీ."

"తీసి పారెయ్యకు," అంటూ ఇంకో ముద్ద కలుపుకుంది కృపమ్మ. "విక్టర్ పేరుకు పెట్టు."