స్టవ్ వైపు చాచిన చెయ్యి

పండరీ బజార్లోని చీరల కొట్లో గుట్టగా పడున్న చీరలు మడతపెడుతూ లిడియా ఫోన్‌లో వీడియో చూసింది. భర్త డేనియల్ ల్యాబ్‌లో చేసిన రోబో చీర మడతపెడుతోంది. చుట్టూ జనం చప్పట్లు. డేనియల్ పక్కనే అతని రిసెర్చ్ స్టూడెంట్ దివ్య, మెడలో కార్డు వేసుకుని. ఇన్నేళ్లుగా తను మడతపెట్టిన చీరలకి చప్పట్లు కొట్టినవాడు లేడు. కుళ్లు పుట్టింది. దివ్యని చూసా, మొగుణ్ణి చూసా, ఆ ఇనప చేతుల్ని చూసా? ముగ్గుర్నీ చూసే.

పెళ్లికి ముందు శంకర్ నగర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి లిడియా, డేనియల్ ఒకేరోజు చేరారు. అతని ప్రోగ్రాముల్లో తప్పులు ఈమే పట్టేది. పెళ్లయ్యాక రోబోటిక్స్ చదువుకి ఇద్దరికీ సీటొచ్చింది. "ఇద్దరూ పోతే ఇల్లెవరు చూస్తారే అమ్మాయ్? వాడికి టీ పెట్టుకోవడం కూడా రాదు" అంది అత్తగారు రూతమ్మ. "ముందు నేను, తర్వాత నువ్వు" అన్నాడు డేనియల్. ఇవాళ గుడ్డ నలిపి చూడనిదే కొనని మనిషి, ఆరోజు ఆ 'తర్వాత'ని చూడకుండానే పుచ్చుకుంది. అతను రోబోల నుంచి ఏఐ దాకా వెళ్లాడు. ఈమె వంటగది నుంచి చీరల కొట్టుదాకా వచ్చింది.

పోయిన వేసవిలో వంటగట్టు పైన కెమెరా బిగించాడు. "నీ మడత చూసి రోబో నేర్చుకుంటుంది. మామూలుగా పెట్టు, బస్, అంతే." వంట చేసుకుంటూనే మడతలు పెట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి డేనియల్, దివ్య ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకుని ఉన్నారు. పూర్తి వీడియోలో రోబో మడత మధ్యలో ఆగి, ఎడంచెయ్యి గాల్లోకి చాచి, మణికట్టు తిప్పి, మళ్లీ చీర మీదికొస్తోంది.

"చప్పట్ల వీడియోలో ఈ ముక్క కత్తిరించేశాం ఆంటీ" అని నవ్వింది దివ్య. 'సార్' పక్కన కూచున్న పిల్లకి తను 'ఆంటీ'. "మీ రికార్డింగ్‌లో ఏదో చెత్త కలిసింది."

"చెయ్యి అటూ ఇటూ పోనీకుండా మళ్లీ ఒకసారి మడతపెట్టు. ఈసారి శుభ్రంగా" అన్నాడు డేనియల్.

లిడియా ఆ చేతినే చూసింది. తన ఎడంచెయ్యే. అది తిప్పుతున్నది గాలిని కాదు, స్టవ్ మీటని.

"అది చెత్త కాదు. అన్నం. మీకు మాడకుండా."

లిడియా దివ్య కుర్చీ దగ్గరికొచ్చింది.

"లే దివ్యా. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో నేను చూస్తాను. రాసే రిసెర్చ్ పేపర్లో నా పేరు కూడా పెట్టు." ఒక చీర తీసి డేనియల్ చేతిలో పెట్టింది. "మీరు పెట్టండి మడత. కెమెరా కింద, ఆ గట్టు దగ్గరే."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి, గట్టు దగ్గరికి వెళ్లాడు.

అత్తగారు స్టవ్ మీద ఎక్కించిన కుక్కర్ కూత పెట్టింది. మళ్లీ పెట్టింది. "అమ్మాయ్, కుక్కర్!" లోపల్నుంచి రూతమ్మ కేక.

డేనియల్ చేతులు రెండూ చీర మీదే ఉన్నాయి. స్టవ్ అతనికి మూరెడు దూరం.

లిడియా కుర్చీ ల్యాప్‌టాప్ ముందుకి జరుపుకుంది.