మట్టి పటాలం పార

నేను ఒక పారను. ఈ మాట వినగానే సగం మంది మొహం చిట్లిస్తారని నాకు తెలుసు. కత్తి తన కథ చెబుతానంటే చాప వేసుకుని కూర్చునే జనం, పార నోరు విప్పితే మాత్రం ఇంట్లో పనుందని లేచిపోతారు. పోనివ్వండి. కూర్చున్నవాళ్లకే చెబుతాను.

హుగ్లీ నది ఒడ్డున ఒక కార్ఖానాలో పుట్టాను. పెద్ద యుద్ధం జరుగుతున్న రోజులవి. నాతో ఒకే కొలిమిలో కరిగిన ఇనుములో కొంత తుపాకీ గొట్టాలైంది, కొంత పారలైంది. అంటే అన్నదమ్ములమే. కాకపోతే వాళ్లకి రోజూ నూనె, మెత్తటి గుడ్డ, ముద్దుమురిపెం. నాకు ఎవరైనా బురద కడిగితే అదే పండగ.

నన్ను పయొనీరు కంపెనీకి పంపారు. సైన్యానికి రోడ్లు వేయడం, వంతెనలు కట్టడం, బియ్యం బస్తాలూ మందుగుండు పెట్టెలూ దించడం ఆ కంపెనీ పని. వాళ్లూ సిపాయిలే. అదే ఖాకీ, అదే సెల్యూటు, నెత్తిన పడే బాంబులూ అవే. అయినా తుపాకీ పట్టినవాళ్లు వాళ్లని 'మట్టి పటాలం' అని వెక్కిరించేవారు.

నన్ను పట్టుకున్న చేయి పైల తవుడుది. బొబ్బిలి దాటాక వచ్చే ఒక చిన్న పల్లె అతనిది. ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలూ దక్కకపోతే, వాళ్లమ్మ ఇతణ్ణి పొరుగింటికి చేటెడు తవుడుకి అమ్మి మళ్లీ తెచ్చుకుందట. "అంత సవక బేరం మా ఊర్లో మళ్లీ జరగనేదు" అని తనే చెప్పుకుని నవ్వేవాడు.

మేమున్నది బర్మా సరిహద్దు కొండల్లో. పొద్దుగూకాక నిప్పు కనిపిస్తే పైనుంచి విమానాలు చూస్తాయని, చుట్ట బీడీ బందు చేశారు. తవుడు ఊరుకుంటాడా? తల్లి దగ్గర నేర్చుకున్న అడ్డపొగ కంపెనీ అంతటికీ నేర్పేశాడు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగడమన్నమాట. బయటికి ఎర్రచుక్క ఒక్కటి కనబడితే ఒట్టు. దొర ఒక రాత్రి తనిఖీకి వచ్చి, ఇంత క్రమశిక్షణ ఏ కంపెనీలోనూ చూడలేదని మురిసిపోయాడు. ఆయన పొగిడినంతసేపూ ఒక్కడూ నోరు తెరవలేదు. దాన్ని వినయమనుకుని ఇంకా మురిసిపోయాడు, పాపం.

ఆషాఢం వానల్లో ఒకనాడు కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది. దాని వెనక గాయపడిన సిపాయిలున్న లారీలు పన్నెండు ఆగిపోయాయి. లోపలి మూలుగులు మాకు వినబడుతున్నాయి. తవుడు హైలెస్సా అని పాట ఎత్తుకున్నాడు. లారీ పట్టేంత దారి పడేసరికి మధ్యాహ్నమైంది. పదకొండు లారీలు దాటాయి. పన్నెండోదాని చక్రం దిగబడితే తవుడు నాతో దాని కింద బురద తోడి, తన ఊరివాడు సన్యాసితో కలిసి తోశాడు. లారీ కదిలింది. సన్యాసి దాని వెంటే నాలుగడుగులు ముందుకు వెళ్లాడు. అప్పుడు కొండ మళ్లీ జారింది. తవుడు పిడికిలి నా కర్రను వదలలేదు. అంతకన్నా చెప్పడం నా వల్ల కాదు.

మూడో రోజుకి మమ్మల్ని తవ్వి తీసి, తవుణ్ణి ఆ కొండల్లోనే పూడ్చారు. అప్పటికే కాగితాల్లో 'పైల తవుడు, మృతి. పార ఒకటి, గల్లంతు' అని రాసేశారు. సర్కారు లెక్కన నేనూ పోయినట్టే. పోయిన పారను తిరిగి అడిగేవాడుండడు కదా. సన్యాసి నా కర్ర పీకి, నన్ను బట్టల మూటలో దాచి, యుద్ధం ముగిశాక తవుడు భార్య నూకాలు చేతిలో పెట్టాడు.

"ఆడికి బదులు ఇదొచ్చిందేటి?" అంది నూకాలు. అంతే. మర్నాడు కొత్త కర్ర దిగ్గొట్టి నన్ను చోడి చేలోకి తీసుకుపోయింది. ఏడవడానికి కూడా తీరిక లేని మనిషి.

కొన్నాళ్లకి, యుద్ధంలో పోయిన చుట్టుపక్కల వాళ్ల పేర్లతో మునసబుగారు బడి ముందు రాయి నాటించాలనుకున్నారు. నాలుగు పేర్లు చెక్కించారు. తవుడు పేరు లేదు. నూకాలు వెళ్లి అడిగింది.

"మీవాడు మట్టి మోసేడు కదే. ఇది యుద్ధం చేసినవాళ్ల రాయి" అన్నారాయన.

నూకాలు ఇంటికొచ్చి సన్యాసితో అంది, "మనిషెలాగూ ఎక్కడో మట్టిలో ఉండిపోనాడు. పేరైనా ఊర్లో ఉండొద్దేటి, తమ్ముడా?" అని. ఆ గొంతు నేను మర్చిపోలేదు.

రాయి నాటే రోజు డప్పులు మోగాయి. దండ వేయడానికి పొరుగూరి జమేదారు కుంటుకుంటూ వచ్చాడు. ఛాతీ మీద పతకాలున్న అసలు సిసలు తుపాకీ సిపాయి. గొయ్యి తవ్వడానికి మనుషులు ముందుకు రాగానే, నూకాలు నన్ను భుజానేసుకుని సరిగ్గా ఆ చోటే నిలబడింది.

"బాబూ, యుద్ధం సేసినోల్ల రాయి కదా. గొయ్యి తుపాకీతోనే తవ్వించండి. పారెందుకు?"

మునసబుగారి మొహం కందగడ్డ అయింది. జమేదారు ముందు పగలబడి నవ్వాడు, పక్కవాళ్లు తవుడు సంగతి చెప్పేసరికి నవ్వు ఆపాడు.

"మునసబుగారూ, కాల్లో గుండు దిగితే నన్ను ఆ కొండల్లోంచి లారీలో తెచ్చినారు. ఆ రోడ్డు ఈవిడ పెనిమిటి ఏసినాడో ఇంకొకడు ఏసినాడో నాకు తెల్దు. తుపాకీ ఉన్నోడు మాత్రం ఎయ్యనేదు. ఆ పేరు నేని రాయికి నాను దండెయ్యను."

వచ్చిన పెద్దమనిషి అంత మాటన్నాక మునసబుగారు ఏం చేస్తారు? రాళ్లు చెక్కేవాణ్ణి పిలిచారు. వాడు బుర్ర గోక్కున్నాడు. నాలుగు పేర్ల కింద భాగం భూమిలోకి పోతుంది. వెనక వైపు నునుపు చేయలేదు. మిగిలింది ఒక్కటే చోటు, పైన బెత్తెడు. 'దాత' అంటూ పెద్ద అక్షరాల్లో మెరుస్తున్న మునసబుగారి పేరుకి పైన.

మునసబుగారు ఆకాశం చూశారు, జమేదారు వైపు చూశారు. "సరే, కానియ్" అన్నారు.

ఉలి చప్పుడవుతుంటే నూకాలు గొయ్యి తవ్వింది. ఇంకెవర్నీ చెయ్యి వేయనివ్వలేదు. నా జీవితంలో అంత ఇష్టంగా నేల కోసింది ఆ రోజే. రాయి లేచాక మునసబుగారు ఆనవాయితీ ప్రకారం పేర్లు పైనుంచి కిందికి బిగ్గరగా చదివారు. ముందు పైల తవుడు, తర్వాతే తను.

నూకాలుకి చదువు రాదు. ఆడి పేరేదో చూపించమంది. చూపిస్తే చెయ్యి అందలేదు. ఎవరో మునసబుగారి కుర్చీయే ఈడ్చుకొచ్చారు. బురద కాళ్లతోనే ఎక్కి, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి తడిమింది.

"ఓలమ్మ, మునసబుబాబు నెత్తి మీద కూకున్నావేటి, మావా!" అని పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే రాతికి నుదురు ఆనించి భోరున ఏడ్చింది. నేను ఆ ఇంటికి వచ్చాక ఆవిడ ఏడవడం అదే మొదటిసారి. కుర్చీ కాలు ఒకటి మెత్తని మట్టిలో దిగి ఒరుగుతుంటే, మునసబుగారు గబగబా వచ్చి రెండు చేతులా దాన్ని పట్టుకున్నారు. ఆవిడ ఏడుపు తీరేదాకా వదల్లేదు.