పైడిరాజు హస్తవాసి

నేను రక్తాన్ని తిప్పే యంత్రాన్ని. ల్యాబుల్లో సెంట్రిఫ్యూజ్ అంటారు. నా పొట్టలో గుండ్రంగా గుంతలుంటాయి. రక్తం నింపిన గొట్టాలను వాటిలో దించి, మూత వేసి మీట నొక్కితే గిర్రున తిరుగుతాను. ఆగేసరికి ఎరుపంతా అడుగుకు దిగి, పైన లేత ఎండుగడ్డి రంగు నీరు తేలుతుంది. ఆ నీటికే పరీక్షలు చేస్తారు. ఒక్క గొట్టమే ఉన్నప్పుడు ఎదురు గుంతలో నీళ్ల గొట్టం పెట్టాలి. లేకపోతే బరువు సరిపోక బల్లంతా చిందులు తొక్కుతాను. మనుషులు ఇంతకన్నా చిన్న తేడాలకే చిందులు తొక్కుతారు కాబట్టి నాకు అందులో నామోషీ ఏమీ లేదు.

పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన, రేకుల షెడ్డులో. కొన్నాళ్లు ఒక కాలేజీలో బతికాను. అక్కడి పిల్లలు మేష్టారు లేనప్పుడు నాలో సిరా తిప్పారు, మజ్జిగ తిప్పారు, ఒకసారి చింతపండు పులుసు కూడా తిప్పారు. అక్కణ్నుంచి సెకండ్ హ్యాండు సరుకుగా విశాఖపట్నం చేరాను. అక్కయ్యపాలెంలో ఒక పిండిమర మీది అంతస్తులో చిన్న ల్యాబు. కింద పిండి ఆడుతుంటే పైన నేను రక్తం ఆడేదాన్ని.

పెద్దాసుపత్రికి వెళ్లాలంటే పరగడుపున ఆటో ఎక్కి, లైన్లో నిలబడి, కళ్లు తిరిగి పడిపోయే దశలో చెయ్యి చాపాలి. మా ల్యాబు అలా కాదు. ఫోను చేస్తే పొద్దున్నే ఇంటికి మనిషిని పంపేది, డబ్బులు కూడా తక్కువే పుచ్చుకునేది. అలా ఇంటింటికీ వెళ్లే మనిషి పైడిరాజు. నలభై దాటాయి, పెళ్లాం పిల్లలున్నవాడు. మోటారుసైకిలు వెనక ఐసు వేసిన చల్లపెట్టె కట్టుకుని కంచరపాలెం నుంచి మద్దిలపాలెం దాకా తిరిగేవాడు. అతను సూది గుచ్చితే గుచ్చినట్టే తెలియదని పేరు. ఆ పేరు మెల్లగా ఇంకో పేరుగా మారింది. పైడిరాజు హస్తవాసి మంచిదట. అతను తీసిన రక్తానికి రిపోర్టు బాగా వస్తుందట. వైద్యుడికి హస్తవాసి ఉంటుందని విన్నాను కానీ, రక్తం తీసేవాడికి కూడా ఉంటుందని ఈ ఊళ్లోనే విన్నాను. ల్యాబుకు ఫోను చేసేవాళ్లంతా ఆ పైడిరాజునే పంపమనేవారు.

మనుషుల ముఖాల్లాగే రక్తాలకూ పోలికలుంటాయి. ఎంత తొందరగా విడిపోతుంది, ఎరుపు ఎక్కడ ఆగుతుంది, పైన నీటి రంగేమిటి, ఇవన్నీ నాకు తెలుస్తాయి. ఒకరోజు ఒక టీచరమ్మ పేరుతో వచ్చిన రక్తాన్ని తిప్పాను. మర్నాడు అదే రక్తం ఒక ముసలి వాచ్‌మన్ పేరుతో వచ్చింది. ఆ తర్వాత ఒక బాలింత పేరుతో. నేను పొరబడ్డానేమో అనుకున్నాను. వారం తిరక్కుండా అదే రక్తం, కొత్త పేరు తగిలించుకుని మళ్లీ నా పొట్టలోకి దిగింది. యంత్రానికి భయమేమిటని నవ్వకండి. ఒకే మనిషి ఇన్ని పేర్లతో వచ్చి తలుపు కొడుతుంటే మీరైతే తలుపు తీస్తారా? నేను తియ్యక తప్పదు. మీట నొక్కితే తిరగాల్సిందే.

ఆ మనిషెవరో ఒక మధ్యాహ్నం తెలిసింది. ల్యాబులో పరీక్షలు చేసే హైమావతి కిందికి భోజనానికి వెళ్లింది. పైడిరాజు చల్లపెట్టె తెరిచి ఒక గొట్టం పైకి తీశాడు. ఎండకో, దారి కుదుపులకో అందులో రక్తం పాడైపోయింది. కాసేపు దాన్నే చూశాడు. తర్వాత నా ముందున్న స్టూలు మీద కూర్చుని, రబ్బరు పట్టీ ఒక కొస పళ్లతో పట్టుకుని తన ఎడమచేతికి బిగించుకున్నాడు.

"ముసిలమ్మకి మళ్లీ సూది గుచ్చితే ఏడుస్తాది," అని తనలో తనే గొణుక్కున్నాడు. "నా రగతానికేటి రోగం? మంచిదే కదా."

నిండిన గొట్టానికి ఆవిడ పేరు అంటించి నాలో పెట్టాడు. అప్పటికి నాకు భయం పోయి జాలి కలిగింది. నిజం చెప్పొద్దూ, ముచ్చట కూడా వేసింది. కానీ జాలితో మొదలైనది అలవాటైంది. నరం దొరక్కపోతే తన చెయ్యి. గొట్టం పగిలితే తన చెయ్యి. "నీ చేతిమీదుగా మంచి రిపోర్టు రావాల బాబూ" అని ఎవరైనా కళ్లనీళ్లు పెట్టుకున్నా తన చెయ్యే. వాళ్ల అసలు రక్తం ఏ తూములో పారబోసేవాడో నాకు తెలియదు.

ఒకసారి ఒక పెద్దావిడ రిపోర్టు కోసం కొడుకు వచ్చాడు. అప్పటికే గుండు గీయించుకుని ఉన్నాడు. తల్లి పోయినా, అసలు ఏమైందో తెలుసుకుందామని వచ్చాడట. కాగితం చదివి తెల్లబోయాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి కదండీ. మరెలా పోయింది?"

హైమావతి ఏం చెప్పగలదు? ఆయుష్షు తీరిందంది. అతనూ తలూపి వెళ్లిపోయాడు. పైడిరాజు గుమ్మం పక్కనే నిలబడి గొట్టాలు తుడుస్తున్నాడు. ఆ రోజు తుడిచిన గొట్టాన్నే మళ్లీ మళ్లీ తుడిచాడు. ఇక మానేస్తాడనుకున్నాను. మానలేదు.

ఆ ఎండాకాలం చివర్లో నేను అసలు భయమంటే ఏమిటో తెలుసుకున్నాను. అతని రక్తం రంగు మారుతోంది. పైకి తేలే నీరు మొదట కాస్త ముదిరింది. తర్వాత పసుపు కలిపిన నీళ్లలా వచ్చింది. రక్తం ఒకటే, రోగం ఒకటే, పేరు మాత్రం ప్రతిసారీ ఇంకెవరిదో. నాకు నోరుంటే కేకపెట్టేదాన్ని. తిరిగేటప్పుడు నేను చేసే రొద తప్ప నాకు వేరే గొంతు లేదు, దానికి అందరూ అలవాటుపడిపోయారు.

మొదటి దెబ్బ వరహాలరావు గారికి తగిలింది. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఆయన. కాలేయం బాగా దెబ్బతిందని రిపోర్టు వచ్చేసరికి ఇల్లంతా ఏడుపులు. తీరా పెద్దాసుపత్రిలో చూపిస్తే ఏమీ లేదన్నారు. ఆ వారమే టైలరింగు చేసుకునే ఒకావిడకు కూడా అంతే జరిగింది. ఇద్దరి తాలూకు మనుషులూ మెట్లెక్కి వచ్చి నానా మాటలూ అన్నారు.

"ఆ నీళ్లు పచ్చగా ఉండడం నా కళ్లతో చూశాను సార్," అంది హైమావతి.

ల్యాబు యజమాని డాక్టరుగారు పైడిరాజు వైపు తిరిగారు. "నువ్వేమంటావోయ్?"

ఆ రెండు గొట్టాల్లో ఉన్నది ఎవరి రక్తమో ఆ గదిలో తెలిసింది ఇద్దరికే. నాకూ, అతనికీ. అతను నా మూత మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వేడిగా ఉంది.

"మిషను పాతదైపోనాది సార్," అన్నాడు.

డాక్టరుగారికీ అదే కావలసింది. కొత్త యంత్రానికి ఆయన ముందే బేరమాడుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ తిప్పమన్నదల్లా తిప్పిన దాన్ని, నామీద నింద వేస్తాడా! కానీ అతని చెయ్యి మూత మీద నుంచి ఎంతకీ లేవలేదు. అప్పుడు నాకు కోపం కన్నా ఎక్కువగా అతని మీద దిగులు పట్టుకుంది. ఈ మనిషికి తన సంగతి తెలిసిపోయింది. తెలిసి, తెలియనట్టు బతకాలనుకుంటున్నాడు. అలా ఎన్నాళ్లు బతుకుతాడు?

మర్నాడు నన్ను కంచరపాలెంలో పాత సామాన్ల కొట్టుకు దిగబెట్టింది కూడా అతనే. బండి మీంచి దించడానికి రెండుసార్లు ఆగి రొప్పాడు. కొట్టు అప్పన్న నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పన్జేస్తాదా, పాడైపోనాదా?"

"బాగా పన్జేస్తాది," అన్నాడు పైడిరాజు.

"మరి పన్జేసేదాన్ని పారెయ్యడవేటి?"

అప్పన్న తలెత్తి ఈసారి అతని ముఖంలోకి చూశాడు.

"నీ కళ్లేటి తమ్ముడూ, అంత పచ్చగున్నాయి? ఎక్కడైనా రగతం పరీక్ష సేయించుకున్నావా?"

పైడిరాజు నా పక్కనే ఇనుప ముక్కల మీద కూలబడ్డాడు. జేబులోంచి ఫోను తీశాడు. అవతల హైమావతి గొంతు నాకు కూడా వినిపించింది.

"అమ్మా, ఒక శాంపిల్ తియ్యాల. ఎవుర్నైనా పంపు."

"నువ్వే తీసుకురావచ్చు కదన్నయ్యా?"

"నాను తియ్యకూడదు."

"సరే, పేరు చెప్పు."

ఊళ్లోవాళ్ల పేర్లన్నీ ఆ రక్తానికి తడుముకోకుండా అంటించిన మనిషికి ఇప్పుడు ఒక్క పేరు నోట్లోంచి రాలేదు.

"పైడిరాజు."

"నీ పేరు కాదన్నయ్యా. పేషెంటు పేరు."

"అదేనమ్మా," అన్నాడు. "పైడిరాజే."