ఎనిమిదో దెబ్బ

ఒక్క క్షణం ఆగండి. చేతిలో పని పక్కన పెట్టి వినండి. గంట మోగుతోంది, మీరూ లెక్కపెట్టండి. ఒకటి. రెండు. మూడు.

దెబ్బకీ దెబ్బకీ మధ్య సుందరరాజు ఒక ఊపిరి పీల్చి వదులుతాడు, అదే అతని గడియారం. నంద్యాల రైలుగేటు పక్కన చిన్న చర్చి, దాని గంట గోపురం, పైనుంచి వేలాడే కొబ్బరినార తాడు, చెయ్యి పట్టే చోట చుట్టిన పాత పంచె ముక్క. ముప్పై ఏళ్ల చెమటకి ఆ గుడ్డ నల్లబడి తోలులా గట్టిపడింది. ఆ సంఘంలో ఎవరు పోయినా, వాళ్లు బతికిన ఏళ్లెన్నో అన్ని దెబ్బలు కొట్టాలి. కొట్టేది ఇతనే. పొట్టి మనిషి, కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి దిగిపోయింది, గంటే దాన్ని లాగేసింది. మిగతా వేళల్లో చర్చి ఊడుస్తాడు, బెంచీలు తుడుస్తాడు, ఎవరి కళ్లకీ ఆనడు. కానీ మనిషి బతికిన ప్రతి ఏడూ దేవుడి చెవిన పడాలనీ, తనని ఈ భూమ్మీద ఉంచింది అందుకేననీ అతని నమ్మకం. ఒకసారి నలభై ఒక్కేళ్ల మనిషికి నలభయ్యే కొట్టానని తెలిసి, అన్నం ముందునుంచి లేచిపోయి ఆ ఒక్కటీ కొట్టి వచ్చాడు.

ఈ రోజు కొట్టాల్సినవి తొమ్మిది. పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది ఏప్రిల్, ఎండ అప్పుడే మండుతోంది. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన బస్సు కండక్టరు కబురు తెచ్చాడు. అక్కడ బడిపంతులుగా ఉన్న పౌలు కూతురు సలోమి తెల్లవారుజామున విషజ్వరంతో పోయిందట, మధ్యాహ్నం దాటాక సమాధి చేస్తారట. పౌలు ఈ సంఘం మనిషే. సలోమికి బాప్తిస్మం ఇచ్చిందీ ఇక్కడే, ఆ రోజు గంట కొట్టిందీ సుందరరాజే.

నాలుగు. ఐదు. ఆరు. ఏడు.

ఎనిమిదోదానికి తాడు దిగలేదు.

చిక్కుకుంటే తాడు బిర్రుగా ఆగుతుంది. ఇది మెత్తగా ఆగింది, పైన ఎవరో రెండు చేతులతో పట్టుకున్నట్టు. బరువంతా వేసి వేలాడాడు, పాదాలు నేలనుంచి లేచాయి గానీ తాడు దిగలేదు. పైనుంచే ఒక చిన్న లాగుడు వచ్చింది, పిల్లలు చొక్కా పట్టుకుని లాగినట్టు. నిచ్చెన ఎక్కి చూశాడు. నిన్న గంట చక్రానికి రాసిన ఆముదం మెరుస్తోంది, తాడు ఎక్కడా చిక్కుకోలేదు. గంట మీద చెయ్యి పెట్టాడు. అంత ఎండలోనూ ఆ కంచు బావి నీళ్లలా చల్లగా ఉంది.

గేటు దగ్గర దోసెలు పోసే యశోదమ్మ అతన్ని ఆపింది.

"ఏమన్నా, ఏడుకే నిలిపేస్తివి? పాపకు తొమ్మిదేండ్లు గదా."

"నేను నిలపలేదమ్మా. బిడ్డ ఇంకా పోయినట్లు లేదు."

ఆమె చేతిలో గరిటె ఆగింది. పెద్దాయనకి ఎండ తగిలిందనుకుని చెంబుడు మజ్జిగ ఇవ్వబోయింది. అతను తాగకుండానే బస్టాండు వైపు నడిచాడు.

బస్సులో భయం మొదలైంది. తన మాట తప్పయితే, కడుపుకోతలో ఉన్న తండ్రిని పదిమందిలో నవ్వులపాలు చేసినట్టే. తప్పు కాకపోతే, ప్రాణమున్న పిల్ల మీద మట్టి పడుతుంది. శిరివెళ్ల దాటినా అరచేతుల్లో ఆ లాగుడు ఇంకా ఉంది.

పౌలు ఇంట్లో పెట్టె మీద మూత పెట్టేశారు. వడ్రంగి మేకులు నోట్లో పెట్టుకుని సుత్తి కోసం వెతుకుతున్నాడు.

"మేకులు కొట్టొద్దప్పా," అన్నాడు సుందరరాజు గడపలోనే నిలబడి. "గంట ఏడుకే నిలిచిపోయింది."

"నా బిడ్డ సంగతి గంటకెట్ల తెలుస్తాది మామా?" అన్నాడు పౌలు. "కాంపౌండరు చూసి చెప్పినాడు. పో, ఆడ కూసో."

అయితే రేపట్నుంచి గంటనే కాంపౌండరు కొలువులో పెట్టండని వెనకనుంచి ఎవరో అన్నారు. సుందరరాజు కదలలేదు. ఎండ పెట్టె దాకా వచ్చేంతవరకు ఆగితే చాలన్నాడు. పౌలు తల తిప్పుకున్నాడు. పిల్ల తల్లి లూదియా మాత్రం లేచి, వడ్రంగి నోటి ముందు అరచెయ్యి పట్టింది. అతను మేకులన్నీ ఆమె చేతిలో ఉమ్మేశాడు.

సుందరరాజు మూత తీయించి, మోకరించి, పిల్ల పాదాలు రెండూ తాడు పట్టినట్టే పట్టుకున్నాడు. ఊపిరికొక అంకె, ఏడు దాకా, మళ్లీ మొదటినుంచి. ఎండ పడమటి గడప దాటింది, చాప దాటింది, పెట్టె అంచు ఎక్కింది. అప్పుడు అతని అరచేతుల్లో ఒక లాగుడు, పిల్లలు చొక్కా పట్టుకుని లాగినట్టు. సలోమి కాలి బొటనవేలు కదలడం మొదట లూదియా చూసింది. పౌలు గోడకి ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు.

సాయంత్రం బస్సు దిగి సుందరరాజు యశోదమ్మకి అంతా చెప్పాడు. ఈసారి మజ్జిగ తాగాడు. చెంబు బోర్లించి, గోపురం వైపు చూస్తూ అన్నాడు.

"కొట్టిన ఏడు దెబ్బలూ పైకి పోయినాయి. అవి ఎనక్కి రావు. ఎవురో ఒకరు తీసుకోవాల గదమ్మా."

"నువ్వేం తీసుకుంటావులే. రెండు దోసెలు తిని పొణుకోపో."

అతను నవ్వాడు. కాళ్లూ చేతులూ కడుక్కుని చర్చి లోపలికి వెళ్లాడు.

దీపాలు పెట్టే వేళ గంట మొదలైంది. పిండి రుబ్బుతున్న యశోదమ్మ ఎందుకో ఎనిమిది నుంచి లెక్కపెట్టింది. తొమ్మిది, పది, పదకొండు. రోలు దగ్గరే కూర్చుని వింటూ ఉంది. అరవై మూడు దగ్గర గంట ఆగిపోయింది. ఇంకో దెబ్బ కోసం కాసేపు చూసి, చేతుల పిండితోనే పరుగెత్తింది. సుందరరాజు గోడకి వీపు ఆనించి, తాడు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. చెయ్యి ముట్టుకుంటే కంచులా చల్లగా ఉంది.

అతని వయసెంతో ఎవరికీ తెలీదు. కరువులో ప్యాపిలి వైపు నుంచి వచ్చినవాళ్లెవరో చర్చి మెట్ల మీద వదిలిపోయిన బిడ్డ. రిజిస్టరులో పేరుంది, పుట్టిన ఏడు లేదు. అరవై మూడుతో నిండిందో, మధ్యలోనే ఊపిరి ఆగిందో చెప్పగలిగినవాడు అతనొక్కడే. ఊళ్లో అందరి ఏళ్లూ పైకి చేర్చినవాడికి ఒక్కటి తక్కువైతే ఎట్లా? ఒక్కటి ఎక్కువైతే, అది ఎవరి మీద పడుతుంది?

ఇప్పుడు గోపురం కింద మీరే ఉన్నారు. గాలి లేదు. అయినా తాడు మెల్లగా కదులుతోంది, పంచె ముక్క మీద అతని చెమట తడి ఇంకా ఆరలేదు. పట్టుకుని ఇంకొక్క దెబ్బ కొడతారా, అట్లాగే వదిలేస్తారా?